కడలి మలచిన క్రీడాభూమి

స్కాట్లండ్ దేశపు తూర్పు తీరంలో, ఉత్తర సముద్రానికి అభిముఖంగా సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణం ఉంది. ప్రాచీనమైన విశ్వవిద్యాలయం, శిథిలమైన ఒక మహాచర్చి, బూడిదరంగు రాతి ఇళ్లు ఆ పట్టణానికి గుర్తులు. వీథులు ముగిసేచోట, ఊరికీ ఇసుకతీరానికీ నడుమ, ఎగుడుదిగుడుగా పరచుకున్న ఒక గడ్డినేల కనిపిస్తుంది. అందులో నీడనిచ్చే చెట్టు లేదు, చెరువు లేదు, కంటికి ఇంపుగా తీర్చిన పూలబాటలు లేవు. 1946లో ఓపెన్ పోటీలో పాల్గొనడానికి వచ్చిన అమెరికా ఆటగాడు శామ్ స్నీడ్ రైలు కిటికీలోనుండి ఆ నేలను చూసి, ఎవరో ఆడి వదిలివేసిన పాత మైదానం కాబోలునని పొరబడ్డాడు. అదే తాను ఆడవలసిన చోటని తెలిసి విస్తుపోయాడు. అది ప్రపంచ గోల్ఫ్ క్రీడకు పుట్టినిల్లుగా పేరొందిన ఓల్డ్ కోర్స్. ఆ ఏటి ఓపెన్ విజేత కూడా స్నీడే కావడం విశేషం.

స్నీడ్ పొరపాటులో అర్థం లేకపోలేదు. తీర్చిదిద్దిన పచ్చికబయళ్లకు అలవాటుపడిన కంటికి ఆ నేల నిర్మాణంలా కనిపించదు. నిజానికి అది నిర్మాణం కాదు. ఓల్డ్ కోర్స్‌ను తొలుత ఏ శిల్పీ గీత గీసి రూపొందించలేదు. సముద్రమూ గాలీ దానిని మలిచాయి. గొర్రెలూ కుందేళ్లూ ఆ పనిని కొనసాగించాయి. మనిషి చాలాకాలంపాటు చేసినదల్లా ఉన్నచోట ఉన్నట్లుగా ఆడుకోవడమే. ఇటువంటి సముద్రతీరపు క్రీడాస్థలాలను 'లింక్స్' అంటారు. ప్రపంచంలో ముప్పైఐదు వేలకు పైగా ఉన్న గోల్ఫ్ మైదానాలలో నిజమైన లింక్స్ మూడు వందలకు మించవని పరిశీలకుల అంచనా. వాటిలో అత్యధిక భాగం బ్రిటన్, ఐర్లండ్ తీరాలలోనే ఉన్నాయి.

గోల్ఫ్ ఆట సూత్రం చాలా సరళమైనది. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ వెళ్లి, నాలుగుంబావు అంగుళాల వ్యాసం గల గుంతలో వేయాలి. ఎవరు తక్కువ దెబ్బలలో వేస్తే వారిది గెలుపు. బంతిని తొలిసారి కొట్టే చోటును 'టీ' అనీ, గుంత ఉన్న నున్నని గడ్డిభాగాన్ని 'గ్రీన్' అనీ, ఈ రెండింటి నడుమ గల కోసిన గడ్డిబాటను 'ఫెయిర్‌వే' అనీ పిలుస్తారు. ఈ మొత్తం దూరానికి 'హోల్' అని పేరు. ఇటువంటివి పద్దెనిమిది పూర్తిచేస్తే ఒక వరుస ఆట ముగుస్తుంది. దారిలో అక్కడక్కడ 'బంకర్' అనే ఇసుకగోతులు పొంచి ఉంటాయి. క్రికెట్‌లోనో టెన్నిస్‌లోనో వలె ఎదుటివాడు మన బంతిని తిప్పికొట్టడు. ఆటగాడికి ప్రతిపక్షం నేలా గాలీ తన చేతి నిలకడా మాత్రమే. అందుచేత ఏ నేల మీద ఆడుతున్నామన్నది ఇతర క్రీడలలో కంటే ఇందులో మిక్కిలి ముఖ్యం.

లింక్స్ అనే మాట వినగానే గొలుసు కొక్కేలు గుర్తుకు వస్తాయి. సముద్రాన్ని సాగుభూమితో కలిపే నేల కనుక ఆ పేరు వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. ఈ వివరణ వినసొంపుగా ఉన్నా శబ్దవ్యుత్పత్తి అందుకు అంగీకరించదు. ప్రాచీన ఆంగ్లంలో గట్టు, మెరక అనే అర్థాలు గల 'హ్లింక్' అనే పదం నుండి ఇది పుట్టింది. స్కాట్లండ్ వాడుకలో సముద్రపుటొడ్డున గల ఇసుకమెరకల గడ్డినేలకు ఈ పేరు స్థిరపడింది.

ఈ నేల పుట్టుక వెనుక సుదీర్ఘమైన ప్రకృతిచరిత్ర ఉంది. హిమయుగంలో స్కాట్లండ్‌ను మందమైన మంచుపొర కప్పి ఉండేది. ఆ బరువుకు నేల కొంత కుంగింది. మంచు కరిగాక, భారం దిగిన నేల వేల సంవత్సరాల పాటు మెల్లమెల్లగా పైకి లేచింది. సముద్రం వెనుకకు తగ్గినచోట ఇసుకపట్టీలు బయటపడ్డాయి. ఎడతెగక వీచే గాలి ఆ ఇసుకను దిబ్బలుగా, గట్లుగా, వాటి నడుమ పల్లాలుగా పేర్చింది. ఇసుకను గాలి ఎలా తెచ్చిపెట్టిందో అలాగే ఎత్తుకుపోగలదు. దానిని పట్టి నిలిపింది మారమ్ అనే పొడవాటి గడ్డి. మన కోస్తాతీరంలో ఇసుకతిన్నెల మీద పాకుతూ, ముళ్లబంతుల వంటి కంకులు వేసే రావణాసురుని మీసాలు అనే గడ్డి చేసే పనినే అక్కడ మారమ్ చేస్తుంది. దాని వేళ్లు ఇసుకను బంధిస్తాయి. ఇసుక మీద పడేకొద్దీ అది మరింత పైకి ఎదుగుతుంది. దిబ్బలు స్థిరపడ్డాక వాటి వెనుక చాటున ఫెస్క్యూ, బెంట్ అనే సన్నని గడ్డిజాతులు అల్లుకుంటాయి. సారంలేని నేలలో, ఉప్పుగాలిలో బతకగలిగినవి అవే. కురిసిన వాన ఇసుకలోకి వెంటనే ఇంకిపోతుంది గనుక ఆ గడ్డి కింద నేల ఎప్పుడూ గట్టిగా, పొడిగా ఉంటుంది. నడిచేవారి పాదం కింద అది మెత్తగా దిగబడదు, కొంచెం ఎగదన్నుతుంది. లింక్స్ ఆట రహస్యమంతా ఈ గట్టిదనంలోనే ఉంది.

ఇటువంటి నేలలో పైరు పండదు. పండని నేల ఎవరికి కావాలి? ఆ కారణంగానే అది అందరిదీ అయింది. ఊరివారు గొర్రెలను మేపుకొన్నారు, ఉతికిన బట్టలు ఆరవేసుకొన్నారు, విలువిద్య సాధన చేశారు. పిల్లలూ పెద్దలూ అక్కడే బంతులాడారు. గోల్ఫ్ ఎప్పుడు మొదలైందో తెలిపే తొలి ఆధారం ఆటను పొగిడే గ్రంథం కాదు, దానిని నిషేధించే శాసనం. 1457లో రెండవ జేమ్స్ రాజు కాలంలో స్కాట్లండ్ పార్లమెంటు ఫుట్‌బాల్‌తోపాటు గోల్ఫ్‌ను కూడా మానివేయాలని ఆజ్ఞాపించింది. ఇంగ్లండ్‌తో వైరం ఉన్న రోజులవి. యువకులు విలువిద్యను విడిచి బంతుల వెంట పరుగెత్తడం పాలకులకు నచ్చలేదు. ఆ నిషేధాన్ని 1471లోనూ 1491లోనూ మళ్లీ చాటవలసి వచ్చిందంటే ప్రజలు దానిని ఏమేరకు పాటించారో ఊహించుకోవచ్చు. చివరకు 1502లో నాలుగవ జేమ్స్ రాజే పెర్త్ నగరంలో విల్లులు చేసేవాని వద్ద గోల్ఫ్ కర్రలు కొన్నట్లు రాజకోశపు లెక్కలలో నమోదైంది. వంద మాటల శాసనాన్ని ఒక పద్దు రద్దుచేసింది.

1552లో సెయింట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఒక అధికారపత్రం మీద సంతకం చేశాడు. లింక్స్ నేలలో కుందేళ్లను పెంచుకోవడానికి దాని ద్వారా ఆయన అనుమతి పొందాడు. అయితే ఆ నేల మీద గోల్ఫ్, ఫుట్‌బాల్, విలువిద్య వంటి ఆటలు ఆడుకొనే హక్కు పట్టణ ప్రజలదేనని అదే పత్రం గుర్తించింది. కుందేళ్లూ ఆటగాళ్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన చోటు సంపాదించుకొన్నారు. రెండున్నర శతాబ్దాల తర్వాత ఈ పొరుగుతనమే పెద్ద తగవుకు దారితీసింది. ఆ సంగతి ముందు తెలుస్తుంది.

ఆటకు లిఖితనియమాలు 1744లో ఏర్పడ్డాయి. ఎడిన్‌బరో పక్కనున్న లీత్ లింక్స్‌లో వెండికర్ర బహుమతి కోసం జరిగిన పోటీ సందర్భంగా అక్కడి ఆటగాళ్లు పదమూడు నియమాలు రాసుకొన్నారు. ఆ పోటీలో జాన్ రాట్రే అనే శస్త్రవైద్యుడు గెలిచాడు. పదమూడింటిలో ఒక నియమం చదివితే నేటికీ చిరునవ్వు వస్తుంది. కొట్టిన బంతిని మనిషి గాని, గుర్రం గాని, కుక్క గాని, మరేదైనా గాని అడ్డగిస్తే, అది ఆగినచోటి నుండే ఆడాలని దాని సారాంశం. గుర్రాలూ కుక్కలూ తిరిగే ఉమ్మడి నేల మీద పుట్టిన ఆట కాబట్టి అటువంటి నియమం అవసరమైంది. బంతి ఎక్కడ ఉందో అక్కడి నుండే ఆడాలన్న మూలసూత్రం ఈనాటికీ గోల్ఫ్‌కు వెన్నెముక. చోటు బాగాలేదని బంతిని జరుపుకోవడానికి వీలులేదు. కొన్ని సందర్భాలలో మినహాయింపులు ఉన్నా అవి ఈ సూత్రానికి లోబడినవే.

ఓల్డ్ కోర్స్ రూపం కూడా ఇలా ఉన్నదానికి సర్దుకొంటూ ఏర్పడినదే. ఊరి అంచున మొదలై, తీరం వెంబడి ఈడెన్ నది ముఖద్వారం వరకు సన్నగా సాగి, అక్కడ గొర్రెలకాపరి చేతికర్ర కొనలా వంపు తిరిగి, వచ్చిన దారినే ఊరికి చేరుతుంది. వెళ్లేటప్పుడు ఆడిన గుంతలలోకే తిరిగి వచ్చేటప్పుడూ ఆడేవారు. ఆ లెక్కన మొత్తం ఇరవైరెండు హోల్స్ ఉండేవి. 1764లో మరీ పొట్టిగా ఉన్న మొదటి నాలుగింటిని రెండుగా కలిపారు. దానితో సంఖ్య పద్దెనిమిదికి దిగింది. కాలక్రమంలో ఆ సంఖ్యే ప్రపంచమంతటికీ ప్రమాణమైంది. పద్దెనిమిదిలో ఏ గూఢార్థమో ఉందని వెతకనక్కరలేదు. నేలకు చాలినన్ని అవే. జనం పెరిగాక ఎదురెదురుగా వచ్చేవారు ఒకే గుంత వద్ద తారసపడకుండా గ్రీన్లను వెడల్పు చేసి, ఒక్కొక్కదానిలో రెండు గుంతలు తవ్వారు. ఇటువంటి జంట గ్రీన్లు నేటికీ ఏడు ఉన్నాయి. రెండవదానికి జత పదహారవది, మూడవదానికి పదిహేనవది, ఈ క్రమంలో ఏ జంటను కూడినా పద్దెనిమిదే వస్తుంది. ఒకప్పుడు ఈ మైదానాన్ని ఒకవారం ఒకదిశలో, మరొకవారం ఎదురుదిశలో ఆడేవారన్న విషయం తెలిస్తే ఆ నేల ఎంతటి ఔదార్యం గలదో అర్థమవుతుంది.

మైదానంలో నూటపన్నెండు బంకర్లు ఉన్నాయి. సముద్రపు గాలికి తాళలేని గొర్రెలు దిబ్బల చాటున ఒదిగి పడుకోగా గడ్డి అరిగి, ఇసుక బయటపడి, గాలి దానిని తొలిచి గోతులుగా మార్చిందని పరంపరగా చెబుతారు. బంతులు దొర్లి చేరే పల్లాలలో ఆటగాళ్లు పదేపదే కర్రలతో గీరడం వల్ల కూడా కొన్ని ఏర్పడి ఉంటాయి. వీటికి పేర్లున్నాయి. శవపేటికలు, ప్రిన్సిపాల్ ముక్కు, నరకం వంటి ఆ పేర్లలో అనుభవజ్ఞుల వేదన, హాస్యం రెండూ ధ్వనిస్తాయి. పద్నాలుగవ హోల్‌లో ఉన్న నరకం సుమారు పది అడుగుల లోతు ఉంటుంది. గోడలు గాలికి కూలకుండా గడ్డిపెళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి కడతారు. నిట్టనిలువు గోడకు ఆనుకొని బంతి ఆగితే ముందుకు కొట్టే దారే ఉండదు. పక్కకో, ఒక్కోసారి వెనక్కో కొట్టి బయటపడవలసిందే. భారతంలో కురుకుమారుల బంతి బావిలో పడినప్పుడు ద్రోణుడు వచ్చి బాణపరంపరతో దానిని పైకి తీశాడు. ఇక్కడ ఏ ద్రోణుడూ రాడు. బంతి పోగొట్టుకున్నవాడే గోతిలోకి దిగాలి. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకజిమా పదిహేడవ హోల్‌లో రెండే దెబ్బలలో గ్రీన్ చేరాడు. గుంతవైపు మెల్లగా నెట్టిన బంతి వాలుపట్టి పక్కనున్న బంకర్‌లోకి జారింది. దానిని బయటకు తీయడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. నాలుగింటిలో ముగియవలసిన హోల్ తొమ్మిదింటికి గాని ముగియలేదు.

లింక్స్ మీద ఆడే పద్ధతి ఇతర మైదానాల పద్ధతికి భిన్నమైనది. లోతట్టు మైదానాలలో నేల మెత్తన, గడ్డి దట్టం. ఆటగాడు బంతిని ఆకాశంలోకి ఎత్తికొడతాడు. అది గుంత పక్కనే పడి, పడినచోటే నిలుస్తుంది. గట్టినేల గల లింక్స్‌లో అలా కొట్టిన బంతి గ్రీన్ మీద పడి, గంతువేసి, వెనుకనున్న గడ్డిలోకి పోతుంది. అందుకని అనుభవం గలవాడు గ్రీన్‌కు ఇరవై ముప్పై గజాల ఇవతలే బంతిని తాకేటట్లు తక్కువ ఎత్తులో కొట్టి, మిగిలిన దూరం నేలమీద దొర్లనిస్తాడు. బంతి ఏ మిట్టకు తగిలి ఎటు ఒరుగుతుందో, ఏ పల్లం దానిని లాగుతుందో ముందే ఊహించాలి. గుంతను గురిచూడడం కాదు, గుంతకు దారితీసే వాలును గురిచూడడం ఇందులోని నేర్పు. కొన్నిసార్లు గుంత ఎడమన ఉంటే కుడివైపుకు కొట్టవలసి వస్తుంది. కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది; కాని నేలను చదవగలవానికి అదే దగ్గరిదారి.

గాలి సంగతి మరీ చిత్రమైనది. ఎదురుగాలిలో దూరం పోవాలంటే బలంగా కొట్టాలని ఎవరికైనా తోస్తుంది. అది సరికాదు. కర్ర తాకినప్పుడు బంతి వెనుకకు గిరగిర తిరుగుతూ పైకి లేస్తుంది. ఆ భ్రమణమే దానిని గాలిలో నిలుపుతుంది. బలం పెంచితే భ్రమణం పెరుగుతుంది. ఎదురుగాలి తోడైనప్పుడు బంతి ముందుకు పోవడానికి బదులు గాలిపటంలా పైకి లేచి, వేగం కోల్పోయి, ఎదుటనే కూలుతుంది. కాబట్టి తెలిసినవారు కొంచెం పెద్దకర్రను ఎన్నుకొని, చేయి సగం ఊపి, మెత్తగా కొడతారు. బంతి తక్కువ ఎత్తులో గాలి కిందుగా దూసుకుపోతుంది. ఆటుపోట్లతోపాటు గాలి దిశ మారడం సెయింట్ ఆండ్రూస్‌లో అరుదు కాదు. పోయేటప్పుడు ఎదురుగాలికి ఓర్చి, వచ్చేటప్పుడైనా అది వెన్నుతడుతుందని ఆశించినవానికి తిరుగుదారిలోనూ అదే గాలి ముఖానికి కొట్టవచ్చు. నిన్న చిన్నకర్రతో చేరిన గ్రీన్‌కు నేడు అతిపెద్ద కర్ర కూడా చాలకపోవచ్చు. అందువల్ల ఈ మైదానాన్ని కంఠస్థం చేయడం సాధ్యంకాదు.

ఇటువంటి ఆటలో న్యాయం ఉందా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. చక్కగా కొట్టిన బంతి కనబడని మిట్టకు తగిలి గోతిలో పడుతుంది. తప్పుగా కొట్టినది అదే మిట్ట దయవల్ల గుంత చెంతకు చేరుతుంది. ప్రతిభకు తగిన ఫలం దక్కాలని కోరేవారికి ఇది సహించరానిది. ఆధునిక మైదానాలు చాలావరకు ఈ అనిశ్చితిని తొలగించడానికే నిర్మితమయ్యాయి. వారి వాదంలో కొంత బలం లేకపోలేదు. కాని గంతు తప్పినప్పుడు తర్వాతి దెబ్బను ఏ మనసుతో కొడతాడన్నది కూడా ఆటగాని శక్తిలో భాగమే. దానిని పరీక్షించే అవకాశం చదునైన నేలకు ఉండదు.

ఈ పరీక్షలో మొదట ఓడి, తర్వాత నెగ్గినవారిలో అమెరికాకు చెందిన బాబీ జోన్స్ ప్రసిద్ధుడు. 1921లో పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన తొలిసారి ఓల్డ్ కోర్స్ మీద ఓపెన్ ఆడాడు. మూడవ వరుసలో మొదటి తొమ్మిది హోల్స్‌కే నలభైయారు దెబ్బలు పట్టాయి. పదకొండవ హోల్ వద్ద బంతి ఇసుకగోతిలో చిక్కుకొంది. విసిగిపోయిన జోన్స్ పోటీ నుండి విరమించుకొన్నాడు. ఆ చర్యకు ఆయన జీవితాంతం సిగ్గుపడ్డాడు. ఆ నేలను ద్వేషించడం మానుకొని దానిని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1927లో అదే మైదానంలో ఓపెన్ గెలిచాడు. 1930లో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీలోనూ అక్కడే విజేత అయ్యాడు. 1958లో పట్టణ పౌరసత్వ గౌరవం అందుకోవడానికి వచ్చేనాటికి వెన్నెముక వ్యాధి వల్ల ఆయన సరిగా నడవలేని స్థితిలో ఉన్నాడు. 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు దక్కిన తర్వాత ఆ గౌరవం పొందిన మొదటి అమెరికన్ ఆయనే. తన జీవితంలో నుండి సెయింట్ ఆండ్రూస్ అనుభవాలు తప్ప తక్కినవన్నీ తీసివేసినా తనది నిండైన జీవితమే అవుతుందని ఆ సభలో ఆయన చెప్పాడు.

ఈ నేల ఇన్ని తరాలవారికి దక్కడం తనంతట జరిగినది కాదు. 1797లో అప్పులలో మునిగిన పట్టణ పాలకమండలి లింక్స్‌ను అమ్మివేసింది. రెండేళ్లకు అది డెంప్‌స్టర్ అనే వర్తక కుటుంబం చేతిలోకి వెళ్లింది. వారు మాంసం కోసం, బొచ్చు కోసం కుందేళ్లను పెద్దయెత్తున పెంచసాగారు. కుందేళ్లు గడ్డిని కొరికివేశాయి. నేలంతా బొరియలు తవ్వాయి. మరికొన్నేళ్లు అలాగే సాగితే అక్కడ ఆట మిగిలేది కాదు. ఆటగాళ్లు ఊరుకోలేదు. తమ పూర్వుల నుండి వచ్చిన హక్కును గుర్తుచేస్తూ న్యాయస్థానానికి ఎక్కారు. కుందేళ్లను చంపే హక్కు పట్టణవాసులకు ఉందని న్యాయస్థానం తీర్పు చెప్పడంతో లింక్స్ మీద అక్షరాలా యుద్ధం వంటిదే నడిచింది. వ్యాజ్యం లండన్‌లోని ప్రభువుల సభ వరకూ పోయింది. రెండు దశాబ్దాలకు పైగా సాగిన ఈ కలహం 1821లో ముగిసింది. పొరుగు భూస్వామి, గోల్ఫ్ ప్రియుడు అయిన జేమ్స్ చీప్ ఆ నేలను కొని, దానిని ఆటకు నిలిపాడు. తర్వాత 1894లో పార్లమెంటు చట్టం ద్వారా లింక్స్ తిరిగి పట్టణం అధీనంలోకి వచ్చింది. 1974 నుండి ప్రజల తరఫున ఒక ట్రస్టు దానిని నిర్వహిస్తోంది.

1821లోనే ఆ ఊరిలో ఒక నేతపనివాని ఇంట టామ్ మారిస్ పుట్టాడు. లోకం అతనిని ఓల్డ్ టామ్ అని పిలిచింది. తోలుసంచిలో ఈకలు కూరి బంతులు చేసే అలన్ రాబర్ట్‌సన్ వద్ద అతడు పని నేర్చాడు. మలయా అడవుల చెట్లపాలతో చేసిన గట్టాపెర్చా బంతులు 1848 ప్రాంతంలో రావడంతో ఈకల బంతికి కాలం చెల్లింది. శిష్యుడు కొత్తబంతితో ఆడడం గురువుకు కంటగింపై ఇద్దరూ విడిపోయారు. ప్రెస్ట్‌విక్ అనే ఊరిలో కొంతకాలం పనిచేసి, 1865లో ఓల్డ్ టామ్ స్వస్థలానికి మైదాన సంరక్షకుడుగా తిరిగి వచ్చాడు. గడ్డి మీద పలచగా ఇసుక చల్లితే అది మరింత దట్టంగా, ఆరోగ్యంగా పెరుగుతుందని అతడు గ్రహించాడు. నేటికీ ప్రపంచమంతటా అనుసరిస్తున్న పద్ధతి అది. నాలుగుసార్లు ఓపెన్ గెలిచిన ఆటగాడై ఉండి కూడా బండీ, పారా పట్టి నేలను సాకినవాడు కావడం వల్ల అతని పేరు నిలిచింది. అతని కుమారుడు యంగ్ టామ్ తండ్రిని మించినవాడు. అతడూ నాలుగుసార్లు విజేతే. 1875లో ప్రసవసమయంలో భార్యాబిడ్డలను పోగొట్టుకొని, అదే సంవత్సరం క్రిస్మస్ నాడు ఇరవైనాలుగేళ్లకే అతడు కన్నుమూశాడు. తండ్రి మరో ముప్పైరెండేళ్లు జీవించాడు. 1903 వరకూ ఆ గడ్డిని చూసుకొంటూనే ఉన్నాడు.

ఆదివారం ఓల్డ్ కోర్స్ మీద ఆట ఉండదు. కొన్ని పెద్దపోటీల సమయంలో తప్ప ఆరోజు అది ఊరి ఉద్యానవనం. పిల్లలు బంకర్లలో దూకి ఆడుకొంటారు, వృద్ధులు కుక్కలను వెంటబెట్టుకొని నడుస్తారు. ఆటగాళ్లకు అవసరం లేకపోయినా నేలకు విశ్రాంతి అవసరమని ఓల్డ్ టామ్ అనేవాడని చెబుతారు. మొదటి హోల్‌నూ చివరి హోల్‌నూ అడ్డంగా కోస్తూ ఒక బాట పోతుంది. దానిమీద జనం దాటుతుంటే లోకప్రసిద్ధుడైన ఆటగాడైనా ఆగవలసిందే. సాధారణ దినాలలో నిర్ణీత స్థాయి నైపుణ్యం ఉన్న ఎవరైనా రుసుము చెల్లించి, చీటీల పద్ధతిలో అవకాశం పొంది ఆడవచ్చు.

ఉమ్మడి నేల అయినంత మాత్రాన అందరికీ సమానమైన ఆదరం లభించిందని చెప్పలేము. మైదానం పక్కనే భవనం గల రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు 1754లో స్థాపితమైంది. అది స్త్రీలకు సభ్యత్వం ఇవ్వడానికి 2014లో గాని అంగీకరించలేదు. పందొమ్మిదవ శతాబ్దపు స్త్రీలు కర్రను భుజం పైకి ఎత్తి కొట్టడం మర్యాద కాదని భావించేవారు. వారి కోసం 1867లో ఒక సంఘం ఏర్పడి, బంతిని నేలమీద నెట్టే ఆటకు చిన్నస్థలం లభించింది. మిట్టపల్లాలతో నిండిన ఆ స్థలానికి వచ్చిన పేరు మనకు సుపరిచితమైనది; దానిని 'హిమాలయాలు' అంటారు. 2007లో మహిళల బ్రిటిష్ ఓపెన్ తొలిసారిగా ఓల్డ్ కోర్స్ మీద జరిగింది. మెక్సికో క్రీడాకారిణి లొరేనా ఒచోవా అందులో విజయం సాధించింది.

సముద్రం ఇచ్చిన నేలను సముద్రమే ఇప్పుడు తిరిగి అడుగుతోంది. సముద్రమట్టం పెరగడం, తుపానులు తీరాన్ని కోయడం లింక్స్ మైదానాలకు పెద్ద ముప్పుగా మారాయి. సెయింట్ ఆండ్రూస్‌కు ఉత్తరాన ఉన్న మాంట్రోజ్ ప్రపంచంలోని అతిప్రాచీన గోల్ఫ్ స్థలాలలో ఒకటి. అక్కడ ఒడ్డు కోసుకుపోవడంతో మైదానంలోని కొన్ని భాగాలను లోపలికి జరపవలసి వచ్చింది. రాళ్లగోడ కట్టి అలలను ఆపవచ్చు గాని, ఆ గోడకు తగిలిన అలలు పక్కనున్న తీరాన్ని మరింత కోస్తాయి. సెయింట్ ఆండ్రూస్‌లో తీరపు దిబ్బలు తెగినచోట్ల మరొక మార్గాన్ని అనుసరించారు. ఇసుకను తెచ్చి పోసి, దిబ్బలను మళ్లీ నిలబెట్టి, వాటిమీద మారమ్ గడ్డిని నాటారు. వేళ్లు పట్టేవరకు ఎవరూ తొక్కకుండా చుట్టూ కంచె వేశారు. గాలి తెచ్చే ఇసుక ఆ కంచె పక్కన కొంచెం కొంచెంగా పేరుకొంటుంది. దానిలో నుండి గడ్డి పైకి వస్తుంది.